డ్యూటీ రూమ్‌లో దేవుడు: ఓరుగల్లు వైద్యులకు, ఆస్పత్రి యాజమాన్యాలకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండలో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లకు, నర్సింగ్ హోముల యాజమాన్యాలకు, సిస్టర్లకు, మెడికల్ షాపుల వాళ్లకు నమస్కారం.

నేను హనుమకొండ కోర్టులో వకీలుని. చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కేవలం మతం కారణంగా ఒక రోగికి చేయాల్సిన పనిని చేయననే వెసులుబాటు డాక్టరుకు లేదు. మీ రిజిస్ట్రేషన్ ఏ నిబంధనల కింద నడుస్తోందో వాటిలోనే ఈ మాట ఉంది. 2002లో అప్పటి మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన వృత్తి నడవడిక నిబంధనల్లో ఏడో అధ్యాయం దుష్ప్రవర్తన గురించి. అందులో 7.15 తీసి చూడండి. వైద్యపరంగా అవసరమైనప్పుడు సంతాన నిరోధం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, సుంతీ, గర్భస్రావం ఈ నాలుగింటిని కేవలం మతపరమైన కారణాలతో నిరాకరించకూడదని ఉంటుంది. ఆ పని చేయగల నైపుణ్యం తనకు లేదని డాక్టరు అనుకుంటే మాత్రం మినహాయింపు. 2023లో కొత్త నిబంధనలు వచ్చినట్టే వచ్చి అదే నెలలో ఆగిపోయాయి కాబట్టి ఇప్పటికీ పాతవే నడుస్తున్నాయి.

నాకు తెలిసిన డాక్టర్లలో చాలామంది ఈ వాక్యం ఎప్పుడూ చదవలేదు. వాళ్లను తప్పు పట్టను. మా వకీళ్లలో మాత్రం బార్ కౌన్సిల్ రూల్స్ చదివిందెందరు?

ఇప్పుడు ఈ లేఖ ఎందుకంటే, పరకాల వైపు ఒక ఊరి నుంచి ఒకామె భర్తతో కలిసి నా ఆఫీసుకు వచ్చింది. ఇద్దరు పిల్లలు, కు.ని. ఆపరేషన్ అయిపోయింది. అయినా మళ్లీ గర్భం నిలిచింది. ఆపరేషన్ అయిందన్న ధీమాతో నెల తప్పినా పట్టించుకోలేదు, తెలిసేసరికి నాలుగో నెల దాటింది. సిటీలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోయారు. డాక్టరు స్కానింగ్ చూసి, దేవుడు ఇచ్చినదాన్ని తీయడానికి తన చేయి రాదని చెప్పింది. అక్కడితో ఆగలేదు. ఇంత చదువుకున్న దానిగా చెబుతున్నా, ఈ పాపం మీరు కూడా చేయకండని చాలాసేపు కూర్చోబెట్టి చెప్పింది. ఇంకెక్కడికి పోవాలో అడిగితే తెలియదంది. వాళ్లు ఊరికి తిరిగిపోయారు. భయపడ్డారు, పెద్దవాళ్లను అడిగారు, వరి కోతలు వచ్చాయి, మళ్లీ బయల్దేరేసరికి ఇరవై వారాలు దాటింది. ఆ తర్వాత ఆమె లాంటి కేసుకు చట్టంలో దారి మూసుకుపోతుంది.

కోర్టుకు పోతే పని అవుతుందా అని అడగడానికి వచ్చారు నా దగ్గరికి. హైకోర్టులో రిట్ గురించి, ఖర్చు గురించి, మెడికల్ బోర్డు గురించి చెప్పాను. ఆమె విని ఒక్క మాటంది: "చెయ్యనన్నందుకు నాకు బాధ లేదక్కా. ఏడికి పోవాల్నో చెప్పినా అయిపోయేది."

హైకోర్టుకు వాళ్లు పోలేదు. బిడ్డ పుట్టింది, బాగుంది, ఆమెకు ఆ బిడ్డంటే ప్రాణం. అది వేరే సంగతి. కావాల్సిన రోజున, చట్టం ఒప్పుకున్న రోజున ఆమెకు దొరకాల్సింది దొరకలేదన్నదే నేను పట్టుకున్న సంగతి.

ఆ డాక్టరుది ఏ మతమో నేను చెప్పను. చెబితే మీలో సగం మంది ఇక్కడే చదవడం ఆపేస్తారు, మిగతా సగం మంది వేరే ఉద్దేశంతో ఈ లేఖను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతారు. నా అనుభవంలో ఈ నిరాకరణ ఒక్క మతం సొత్తు కాదు. పెళ్లి కాని అమ్మాయి అత్యవసర గర్భనిరోధక మాత్ర అడిగితే లేదని చెప్పి, వెనకాల నుంచి వచ్చిన మగాడికి ఇచ్చిన మెడికల్ షాపు ఆయన షాపులో గోడ నిండా దేవుళ్ల పటాలే. ఆ మాత్రకు ప్రిస్క్రిప్షన్ కూడా అక్కర్లేదు.

చట్టం దగ్గరికి వద్దాం. 1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు. ఇరవై వారాల దాకా ఒక్క రిజిస్టర్డ్ డాక్టరు అభిప్రాయం చాలు. వాడిన గర్భనిరోధక పద్ధతి విఫలమైతే ఆ గర్భం వల్ల కలిగే వేదనను మానసిక ఆరోగ్యానికి తీవ్ర హానిగానే పరిగణించవచ్చని చట్టమే చెబుతోంది. సవరణకు ముందు ఈ మాట పెళ్లయిన ఆడవాళ్లకే ఉండేది, తర్వాత పెళ్లి కానివాళ్లకూ వచ్చింది. కాబట్టి 7.15లో "వైద్యపరంగా అవసరమైనప్పుడు" అని ఉంది కదా, కు.ని. ఫెయిలైన కేసు అందులోకి రాదు కదా అని ఎవరైనా వాదిస్తే ఆ వాదన నిలవదని నా నమ్మకం. ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అది కూడా అత్యాచార బాధితులు, మైనర్లు, ఇలా కొన్ని వర్గాలకే. అందుకే పరకాల ఆమెకు ఆ కొద్ది వారాలు అంత విలువైనవి. మీకు అది ఓపీలో ఒక కాగితం, అంతే.

పద్దెనిమిదేళ్లు నిండిన మనిషికి తన సంతకం తప్ప ఎవరి సంతకమూ అక్కర్లేదు. భర్తది వద్దు, అత్తది వద్దు. అయినా ఇక్కడ అడగని ఆస్పత్రి అరుదు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో డాక్టర్లు చట్టంలో లేని షరతులు పెడుతున్నారని ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఇంకోటి, ఈ విషయం బయటికి పొక్కనిస్తే ఏడాది దాకా జైలు. గర్భస్రావం కోసం వచ్చిన మనిషి పేరు ఆ ఊరి గుడి పెద్దకో, పాస్టర్‌కో, జమాత్ పెద్దకో "మంచి కోరి" చేరవేసే సిస్టర్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

నాకు ఒక డాక్టరు మిత్రుడు ఉన్నాడు, కాకతీయ మెడికల్ కాలేజీలో చదివినవాడు, వాదనలో నన్ను ఎప్పుడూ వదలడు. ఈ లేఖ రాస్తున్నానంటే ఫోన్‌లోనే అందుకున్నాడు. "మేము చేసే ప్రమాణంలో గర్భం దాల్చినప్పటి నుంచి మనిషి ప్రాణాన్ని గౌరవిస్తామని ఉంది, అది కనపడలేదా నీకు?" అన్నాడు. ఉంది. నిజంగానే ఉంది. 2002 నిబంధనల అనుబంధంలో ఉన్న ప్రమాణంలో ఆ వాక్యం ఉంది. దాని కిందనే ఇంకో వాక్యం ఉంది: నా విధికీ నా రోగికీ మధ్యకు మతాన్ని, జాతిని, పార్టీ రాజకీయాలను, సామాజిక హోదాను రానివ్వను అని. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. సాధారణంగా చెప్పిన మాటకూ ఒక పని గురించి పేరు పెట్టి చెప్పిన మాటకూ తేడా వస్తే పేరు పెట్టి చెప్పిందే నిలుస్తుందన్నది మా వకీళ్లు మొదటి ఏడాదిలో నేర్చుకునే పాఠం. పైగా పార్లమెంటు చేసిన చట్టం ఉండనే ఉంది. అతను ఒప్పుకోలేదు. సరే, ఒప్పుకోనక్కర్లేదు. మనసులో ఒప్పుకోకుండా ఉండడానికి రాజ్యాంగం 25వ అధికరణ పూర్తి రక్షణ ఇస్తుంది. అదే అధికరణ మొదటి వాక్యంలోనే "ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యానికి లోబడి" అని కూడా రాసుకున్నాం. ఆరోగ్యం అన్న మాట అక్కడ ఊరికే పడలేదు.

ఎంత దాకా ఓర్చుకోవాలి, ఎక్కడ ఆపాలి అన్నదానికి నా కొలత సులువు. ఆ నమ్మకం ఖర్చు ఎవరు భరిస్తున్నారు? మీరే భరిస్తే మేం ఓర్చుకోవాలి. బెడ్ మీద ఉన్నవాళ్లు భరిస్తే మీరు ఆపాలి.

రంజాన్‌లో ఉపవాసం ఉన్న సిస్టర్ ఇఫ్తార్ వేళకు పది నిమిషాలు వార్డు వదిలితే పక్క సిస్టర్ చూసుకుంటుంది. క్రిస్మస్ రాత్రి ఆమె డ్యూటీ ఈమె చేస్తుంది, బతుకమ్మ నాడు ఈమె డ్యూటీ ఆమె చేస్తుంది. ఇది మన దగ్గర ఎవరూ సర్క్యులర్ ఇవ్వకుండానే నడుస్తోంది. వేములవాడ రాజన్న గుడి ఆవరణలో దర్గా ఉండడం, అన్నారం షరీఫ్‌కు హిందువులు మొక్కులు తీసుకుపోవడం, పీర్ల పండుగకు ఊరంతా కదలడం చూసి పెరిగిన జనం మనం. ఎవరి మెడలో ఏముంది, నుదుటన ఏముంది, తల మీద ఏం కప్పుకుంది అని ఉద్యోగం ఇచ్చేటప్పుడు చూసే యాజమాన్యాలున్నాయి, అది తప్పు. "ప్రొఫెషనల్‌గా కనపడాలి" అన్న మాట చాటున ఒక మతం గుర్తులకే అభ్యంతరం చెప్పడం ఇంకా తప్పు. బొట్టుకు లేని రూలు స్కార్ఫ్‌కు ఎందుకు?

ఆపరేషన్ థియేటర్‌లో లెక్క వేరు. మణికట్టుకు కొండగట్టు దారాలు, మేడారం దారాలు మూడు నాలుగు వరసలు కట్టుకుని, వాటి మీదే గ్లోవ్స్ వేసుకుని లోపలికి పోయేవాళ్లను చూశానని ఒక హెడ్ సిస్టర్ నాతో చెప్పింది. చెబితే సార్లకు కోపం వస్తుందట. అయ్యప్ప మాల వేసుకున్న వార్డు బాయ్‌ని స్వామీ అనే పిలవండి, నల్లబట్టలు వేసుకోనివ్వండి, గడ్డం పెంచుకోనివ్వండి. కానీ సూదులు, రక్తం పడే గదిలో చెప్పుల్లేకుండా తిరగనివ్వకండి. అతని పాదాల కోసమైనా. 2013 జనవరిలో యూరప్ మానవ హక్కుల కోర్టు ఒకే తీర్పులో నలుగురు బ్రిటన్ ఉద్యోగుల సంగతి తేల్చింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో చెకిన్ డెస్క్ మీద పనిచేసే నాదియా ఎవైడా మెడలో చిన్న శిలువ వేసుకుంటే కంపెనీ ఒప్పుకోలేదు. ఆమె గెలిచింది, ఎందుకంటే ఆ శిలువ వల్ల ఎవరికీ నష్టం లేదు. షర్లీ చాప్లిన్ అనే నర్సుదీ అదే శిలువ, మెడలో గొలుసుకు వేలాడేది, ఏళ్ల తరబడి వేసుకున్నదే. వృద్ధుల వార్డులో రోగి పట్టి లాగవచ్చు, గాయాలకు తగలవచ్చు అని ఆస్పత్రి అంది. ఆమె ఓడిపోయింది. మిగతా ఇద్దరు స్వలింగ జంటలకు సేవ చేయబోమని చెప్పినవాళ్లు, ఒకరు రిజిస్ట్రార్, ఇంకొకరు కౌన్సెలర్. వాళ్లూ ఓడిపోయారు. ఇక్కడ మన సిస్టర్ల నల్లపూసలకూ చాప్లిన్ గొలుసుకూ తేడా ఏమైనా ఉందా అని ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసేవాళ్లే చెప్పాలి.

మన కోర్టులు ఎప్పుడూ ఒకే గీత గీశాయని చెప్పను. 1986లో కేరళ పిల్లల కేసు మా వృత్తిలో అందరికీ తెలుసు. యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలోని ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతానికి మర్యాదగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. బడి నుంచి పంపేశారు. సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన నిలిచింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. పిల్లలు నోరు మూసుకుని నిలబడితే దేశానికి పోయేదేమీ లేదని ఆయనకు కనిపించింది. ఇక 2025 నవంబర్‌లో సైన్యంలో క్రైస్తవ అధికారి లెఫ్టినెంట్ కమలేశన్ కేసు చూడండి. రెజిమెంట్ గుడి, గురుద్వారా దాకా తన జవాన్లతో వస్తాను, గర్భగుడిలోకి మాత్రం రానన్నాడు. ఉద్యోగం పోయింది, సుప్రీంకోర్టు కూడా సరే అంది. సైన్యానికి 33వ అధికరణ కింద వేరే లెక్క ఉంటుందని తెలుసు. అయినా ఆ తీర్పు నాకు ఇంకా మింగుడుపడలేదు. అతని పట్టుదల వల్ల ఏ జవాను ఏం కోల్పోయాడో నాకు స్పష్టంగా కనపడదు. పరకాల ఆమె ఏం కోల్పోయిందో మాత్రం కనపడుతోంది. అందుకే నా కొలత కోర్టు కొలత కంటే ఒకచోట వదులుగా, ఇంకోచోట బిగుతుగా ఉంటుంది.

"మా దగ్గర చేయకపోతే ఏం, ఇంకో ఆస్పత్రికి పోవచ్చు కదా" అనేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్‌లో అది నడవచ్చేమో. ఏటూరునాగారం, వెంకటాపూర్, కొత్తగూడ నుంచి బస్సెక్కి వచ్చిన మనిషికి ఓరుగల్లే ఆఖరి ఊరు. మీరు తలుపు వేస్తే ఆమెకు మిగిలేది ఆర్ఎంపీ, లేకపోతే ఎవరో చెప్పిన మాత్రలు. ఆ మాత్రలు మింగి రక్తస్రావంతో వచ్చే కేసులు మళ్లీ మీ క్యాజువాలిటీకే వస్తాయి, నాకంటే మీకే బాగా తెలుసు.

క్యాజువాలిటీ అన్నాను కాబట్టి సవిత పేరు చెప్పాలి. కర్ణాటక అమ్మాయి, డెంటిస్టు, వయసు ముప్పై ఒకటి. 2012 అక్టోబర్‌లో ఐర్లాండ్‌లోని గాల్వే ఆస్పత్రిలో చేరింది. పదిహేడు వారాల గర్భం, నిలవదని తేలిపోయింది. తీసేయమని అడిగింది. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఇది కాథలిక్ దేశం అన్న మాట సిబ్బందిలో ఒకరు ఆమెతో అన్నట్టు తర్వాత విచారణలో బయటపడింది. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి అక్టోబర్ 28న చనిపోయింది. 2018లో ఆ దేశం రిఫరెండం పెట్టి రాజ్యాంగాన్నే మార్చుకుంది, ఓటేసినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది మార్చమన్నారు. మనకు రాజ్యాంగం మార్చే పని లేదు. తల్లి ప్రాణం కాపాడాల్సి వస్తే ఎన్ని వారాలైనా, రెండో డాక్టరు లేకపోయినా చేయవచ్చని మన చట్టంలో 5వ సెక్షన్ 1971 నుంచే ఉంది. ఎమర్జెన్సీలో ప్రైవేటైనా సర్కారైనా చేయి అడ్డం పెట్టకూడదని 1989లో పర్మానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మిషన్ ఆస్పత్రుల వాళ్లకు విడిగా చెప్పాలి. మీ సిస్టర్ల చేతుల్లో పుట్టినవాళ్లు ఈ ఊళ్లో లెక్కలేనంత మంది. మీ ఆస్పత్రికి గర్భస్రావ కేంద్రంగా అనుమతి తీసుకోవాలని ఏ చట్టమూ మిమ్మల్ని బలవంతపెట్టదు. తీసుకోకపోవడం మీ ఇష్టం, దాన్ని నేను ప్రశ్నించను. అయితే ఆ సంగతి రిసెప్షన్‌లో తెలుగులో రాసి పెట్టండి. లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవని ప్రతి స్కానింగ్ గది ముందు బోర్డు ఉంటుంది కదా, దాని పక్కనే స్థలం ఉంది. అనుమతి తీసుకుని, ఫీజుల పట్టికలో చేర్చి, రోగి లోపలికి వచ్చాక ఒక డాక్టరు సొంత నమ్మకం చెప్పి వెనక్కి పంపడం ఇంకో రకం.

7.15లో ఉన్న ఆ చిన్న సందు, అదే నైపుణ్యం లేదనే మినహాయింపు, అది కూడా ఇప్పుడు వాడకంలోకి వస్తోంది. పాపం అని చెబితే తప్పవుతుందని తెలిసి "నాకు అలవాటు లేదమ్మా" అంటున్నారు. గైనకాలజీలో పీజీ చేసి, పదేళ్ల ప్రాక్టీసు ఉన్నవాళ్లు. కౌన్సిల్ ముందు ఈ మాట నిలబడుతుందేమో చెప్పలేను, రోగి ముందు మాత్రం నిలబడదు.

మీ దగ్గరికి వచ్చి ఇంత మాట్లాడుతున్న వకీళ్లు ఏం చేస్తున్నారని అడగవచ్చు. అడగండి. ఒక మతం నిందితుడి తరఫున ఎవరూ వాదించకూడదని తీర్మానాలు చేసిన బార్ అసోసియేషన్లు ఈ దేశంలో ఉన్నాయి. అలాంటి తీర్మానాలు చెల్లవని 2010లో తమిళనాడు నుంచి వచ్చిన రఫీ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తర్వాత కూడా ఆగలేదు. రేపు మా బార్‌లో అలాంటి తీర్మానం వస్తే నేను లేచి నిలబడతాను. ఆ రోజు మీరు కూడా మాకు ఒక లేఖ రాయండి.

రోగుల వైపు నుంచి వచ్చే ఒత్తిడి కూడా తెలుసు. ఫలానా డాక్టరు ముట్టుకోవద్దు, మనవాళ్లనే పంపండి అని గొడవ చేసే అటెండెంట్లు. ఆడ రోగి ఆడ డాక్టరును అడగడం మర్యాద విషయం, వీలైతే ఇవ్వాలి. మతం చూసి డాక్టరును మార్చమంటే మార్చకండి. డిశ్చార్జి కాగితం వాళ్ల చేతిలో పెట్టవచ్చు, ఎమర్జెన్సీ కాకపోతే. పెద్దవాళ్లు ఎవరైనా తమ నమ్మకం వల్ల రక్తం ఎక్కించుకోనంటే అది వాళ్ల శరీరం, వాళ్ల నిర్ణయం, రాతపూర్వకంగా తీసుకోండి. వాళ్ల బిడ్డకు ఎక్కించవద్దంటే ఆ మాట వినకండి, చైల్డ్ వెల్ఫేర్ కమిటీకి ఫోన్ చేయండి.

ఇక నా అభ్యర్థన. ప్రసూతి విభాగం ఉన్న ప్రతి ఆస్పత్రిలో ఒక డ్యూటీ పట్టిక పెట్టండి. గర్భస్రావం, ట్యూబెక్టమీ, కాపర్-టీ కోసం వచ్చినవాళ్లను ఏ రోజు ఏ డాక్టరు చూస్తారో అందులో ఉండాలి. ఎవరికైనా మనస్సాక్షి అడ్డు వస్తే ఆ సంగతి రోగికి కాదు, యాజమాన్యానికి, ముందుగానే రాసి ఇవ్వాలి. చట్టం మీకు ఆ వెసులుబాటు హక్కుగా ఇవ్వకపోయినా యాజమాన్యం తన పట్టికలో సర్దుకోవచ్చు, నేను దానికి అడ్డం చెప్పను. రోగికి మాత్రం అదే రోజు, అదే బిల్డింగులో, లేదంటే ఫోన్ చేసి ఖాయం చేసిన పక్క ఆస్పత్రిలో ఇంకో డాక్టరు దొరకాలి. ఉపన్యాసం దొరకకూడదు. ఆ డాక్టరు సెలవులో ఉంటే, ఎమర్జెన్సీ అయితే, పట్టికలో ఎవరి పేరున్నా ఎదురుగా ఉన్నవాళ్లే చేయాలి.

ఈ పట్టిక నమూనా, రిసెప్షన్ బోర్డు మీద రాయాల్సిన నాలుగు వాక్యాలు తయారుచేసి పెట్టాను. కోర్టు పని దినాల్లో మధ్యాహ్నం నా సీటు దగ్గరికి మనిషిని పంపితే ఇస్తాను, డబ్బులేమీ వద్దు. మీ డాక్టర్ల సంఘం సమావేశంలో పది నిమిషాలు ఇస్తే వచ్చి మాట్లాడతాను, నా మిత్రుడు కూడా వచ్చి నన్ను ఎదిరిస్తానని ఇప్పటికే మాట ఇచ్చాడు. పరకాల ఆమె ఫిర్యాదు వద్దంది, ఆమె మాట ప్రకారం ఆ కాగితం నా డ్రాయర్‌లోనే ఉంది. ఇలాంటి కేసు ఇంకొకటి వచ్చి, ఆ మనిషి సరే అంటే, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు పంపే ఫిర్యాదులో డాక్టరు పేరుతో పాటు పట్టిక పెట్టని యాజమాన్యం పేరు కూడా రాస్తాను.

ఇట్లు,
హనుమకొండ కోర్టు నుంచి ఒక న్యాయవాది